మా లవుడు ఈనింది

వినాయక చవితి ముందురోజు సాయంత్రం మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర పత్రి అమ్మే ఆమె ఒక గరిక కట్ట చేతిలో పెట్టి 20 రూపాయలంది. బేరమాడబోయి ఆగిపోయాను. అప్పుడే నీళ్ళు చల్లినట్టుంది. తడి గరిక వాసన, దాని కింద పరిచిన గోనెపట్టా వాసన రెండూ కలిసి ముక్కుకి తగిలాయి. అంతే, నేను హైదరాబాద్‌లో లేను. నెల్లూరు మూలాపేటలో మా పెరట్లో, జామచెట్టు కింద, చంకలో గరిక మోపుతో నిలబడున్నాను. ఇంకో క్షణంలో ఈల వినపడాలి.

"పోనీ 15 ఇయ్యి సార్" అంది ఆమె. 20 ఇచ్చి వచ్చేశాను.

ఆ ఈల సంగతి చెప్పాలంటే మా అవ్వ కంటి ఆపరేషన్ దగ్గర్నుంచి మొదలెట్టాలి.

* * *

మా నెల్లూరోళ్ళకి పెద్ద జబ్బొచ్చినా, పెళ్ళికి పట్టుచీరలు కావాలన్నా దారి మద్రాసుకే. పేరు చెన్నై అని మార్చాక కూడా మా ఇంట్లో అది మద్రాసే. అవ్వకి శుక్లం ముదిరిందని నాయన అక్కడికి తీసుకుపోతూ, వేసవి సెలవులు కదా అని నన్నూ వెంటేసుకున్నాడు. ఆపరేషన్ బాగానే జరిగింది. తిరిగొచ్చే రోజు పినాకిని ఎక్స్‌ప్రెస్‌కి ఇంకా రెండు గంటల టైముంది. నల్లద్దాలు పెట్టుకున్న అవ్వని సెంట్రల్లో బెంచీ మీద కూర్చోబెట్టి, పక్కనున్న ఒకావిడకి అప్పజెప్పి, నాయనా నేనూ బయటికి వచ్చాం.

పక్క బజార్లో వరసగా పంజరాలు. లవ్‌బర్డ్స్, కుందేళ్ళు, సీసాల్లో ఫైటర్ చేపలు. వాటి మధ్య ఒక వెదురుబుట్టలో పదీ పన్నెండు జీవాలు ఒకదానిమీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. ఎలుకలు కావు, కుందేళ్ళు కావు. గినీ పందులంటారని తర్వాత తెలిసింది. తోకలు లేవు. చెవులు గులాబీ రేకుల్లా కిందికి వాలి ఉన్నాయి. అమ్మేవాడు ఒకదాన్ని తీసి నా చేతిలో పెట్టాడు. అరచేతికి దాని గుండె దడదడ తెలుస్తోంది. ముందుకాళ్ళకి నాలుగేసి వేళ్ళు, వెనక్కాళ్ళకి మూడేసి. లెక్కపెట్టాను, నమ్మకం లేక మళ్ళీ లెక్కపెట్టాను. రెండోసారి లెక్క అయ్యేసరికి అది నాదైపోయింది.

నాయన అక్కడే షరతులు పెట్టాడు. అరవకూడదు, పిల్లలు పెట్టకూడదు, తిండికి పైసా ఖర్చు పెట్టడు. అమ్మేవాడు సగం తమిళం, సగం తెలుగులో అన్నిటికీ తలూపాడు. "సత్తమే పోడాదు సార్, అరవనే అరవదు. రెండూ మొగదే. అన్నం తింటాది, గడ్డి తింటాది, ఏదైనా తింటాది." జత 80 రూపాయలకి బేరం కుదిరింది. అతను చెప్పినవాటిలో గడ్డి తింటాదన్నది ఒక్కటే నిజం.

అవ్వ బెంచీ మీద కూర్చునే బుట్టలోకి చెయ్యిపెట్టి తడిమింది. "చెవులపిల్లులా నాయనా? ఎంత మెత్తగుండాయో" అంది. నాయన నా మొహం చూశాడు, నేను ఆయన మొహం చూశాను. ఇద్దరం నోరు మూసుకున్నాం.

రైల్లో బుట్ట నా ఒళ్ళోనే. సూళ్ళూరుపేట, నాయుడుపేట దాటాయి, లోపల కిక్కురుమనలేదు. గూడూరులో మూత తీసి చూస్తే రెండూ రాళ్ళల్లే బిగుసుకుని ఉన్నాయి. చచ్చిపోయాయనుకుని ఏడుపు లంకించుకున్నాను. భయమేస్తే అవి అట్లా కదలకుండా ఉండిపోతాయని తర్వాత్తర్వాత తెలిసింది. మా పెరట్లో కూడా అంతే. పైన కాకి నీడ పోతే చాలు, నోట్లో గడ్డిపోచ నోట్లోనే ఉండిపోయేది.

లవుడు, కుశుడు అని పేర్లు పెట్టాం. మగపిల్లలు కదా మరి.

నల్లద్దాలు తీసెయ్యొచ్చని డాక్టరు చెప్పిన రోజు అవ్వ చేసిన మొదటి పని పెరట్లోకి వచ్చి గూటి ముందు వంగడం. చాలాసేపు చూసింది.

"చెవులేయిరా చెవులపిల్లికి?"

మేం మాట్లాడలేదు.

"ఎలకలకి తోకలు కోసి మీకు అంటగట్టినాడ్రా ఆ మద్రాసోడు! కళ్ళు కనపడంది నాకా, మీకా?"

* * *

గూడంటే పెద్ద గూడేం కాదు. పాత చెక్కపెట్టెకి ముందు జల్లెడ కొట్టి, కింద కడప బండ వేసి, దాని మీద వరిగడ్డి పరిచాం. రోజూ పొద్దున్నే తడిగడ్డి ఎత్తి పారబోసి పొడిది పరచడం నా డ్యూటీ. ఒక్కరోజు ఎగ్గొడితే అమ్మ ముక్కు పట్టేసేది.

వారం రోజులు నిజంగానే సత్తం పోడలేదు. నాయన గర్వంగా ఉన్నాడు, తన బేరం తనకి నచ్చింది. ఎనిమిదో రోజో తొమ్మిదో రోజో, మధ్యాహ్నం మూడింటికి అవ్వ వెనక వసారాలో కాళ్ళు చాపుకుని తోటకూర ఒలుస్తోంది. కాడలు తుంచి ఆకుని చేటలో వేసి, మధ్యమధ్యలో మన్ను రాలడానికి చేటని బండకేసి టపటపా తట్టేది. ఉన్నట్టుండి పెద్ద ఈల. ఆగకుండా, ఒకదాని తర్వాత ఒకటి.

"మే, కుక్కరు దించు, మాడిపోతాది" అని అరిచింది అవ్వ.

"పొయ్యి మీద కుక్కరే లేదత్తా" అని లోపల్నుంచి అమ్మ.

అవ్వ, అమ్మ, నేను ముగ్గురం వెతికాం. పక్కింటి ఆమె గోడ మీంచి తల పెట్టి ఏందా ఈల అనడిగింది. తీరా చూస్తే లవుడు జల్లెడకి ముందుకాళ్ళు ఆనించి నిలబడి, మూతి పైకెత్తి, ఒళ్ళంతా ఊగిపోయేలా అరుస్తోంది. పిడికెడంత జంతువులోంచి అంత గొంతు! కుయ్యీ, కుయ్యీ అని. తోటకూర చూసి అడుగుతోంది. ఆ రోజు నుంచి అవ్వ వాటిని లవకుశులనడం మానేసి కుయ్యోళ్ళు అనేది. అవి మొదట పుట్టిన పెరూ దేశం కొండల్లో వాటిని కుయ్ అనే పిలుస్తారని కాలేజీకొచ్చాక చదివి ఒక్కణ్ణే నవ్వుకున్నాను. అసలు గినీ దేశానికీ వాటికీ సంబంధం లేదు, పందులకీ లేదు. మా వీధిలో మాత్రం అందరూ గిన్నెపందులనే వాళ్ళు. గిన్నెలో పట్టేంత పంది అనుకున్నారేమో.

కానీ ఆ రోజు తోటకూర పెట్టనివ్వలేదు. "ఆకులెయ్యబాకండి, పారుకుంటాయి" అంది అవ్వ. తడి ఆకు తిన్న మేకపిల్లలకి జరిగేది ఆమెకి తెలుసు. మేం అన్నం, వేయించిన శనగపప్పు, ఎండు వరిగడ్డి పెట్టాం. ఖర్చూ లేదు. నాయనకీ బాగానే ఉంది.

నెల తిరిగిందో లేదో కుశుడు లేవడం మానేశాడు. వెనక్కాళ్ళు ఈడుస్తున్నాడు. ఎత్తుకోబోతే నొప్పితో సన్నగా కీచుమంటున్నాడు. పశువుల ఆసుపత్రికి తీసుకుపోయాం. లైన్లో మా ముందు బర్రె, మా వెనక గొర్రె. డాక్టరు మంచాయన, కుశుణ్ణి అటూ ఇటూ తిప్పి చూసి, ఇట్టాంటిది నా సర్వీసులో చూళ్ళేదబ్బా అన్నాడు. సాయంత్రం మా వీధి చివర జువాలజీ లెక్చరర్ గారింటికి పోయాం. ఆయన పుట్టుమచ్చలు చూసినట్టు దాని చిగుళ్ళు చూశారు.

"ఏం పెడుతున్నారు?"

చెప్పాం.

"స్కర్వీ రా ఇది. పాతకాలంలో ఓడల మీద నెలల తరబడి తిరిగేవాళ్ళకొచ్చేది. 1907లో నార్వేలో హోల్స్ట్, ఫ్రోలిక్ అని ఇద్దరు దీనికి వట్టి గింజలే పెట్టి చూస్తే సరిగ్గా ఇదే వచ్చింది. కుక్క, పిల్లి, ఎలుక, మీ అవ్వగారి మేక, అన్నీ విటమిన్ సి ని ఒంట్లోనే తయారుచేసుకుంటాయి. మనకీ దీనికీ ఆ శక్తి లేదు. పచ్చాకు, జామకాయ, ఉసిరికాయ పెట్టు. ఈలోపల మాత్ర చిన్న ముక్క నూరి నీళ్ళలో కలిపి నోట్లో పొయ్యి."

అవ్వ ఏం అనలేదు. ఆకులెయ్యబాకండి అన్నది తనేనని ఒప్పుకోనూ లేదు, ఎప్పటికీ. కానీ మర్నాడు పొద్దున నేను లేచేసరికి గూటి ముందు పీట వేసుకుని కూర్చుని ఉంది. ఆపరేషన్ కన్ను చికిలించి, జామకాయ గుజ్జు గోటితో గీరి, చిటికెన వేలి మీద పెట్టి కుశుడి మూతికి రాస్తోంది. వాడు నాకుతున్నాడు. అట్లా నాలుగైదు రోజులు. వారానికి మెల్లగా నిలబడ్డాడు. పది రోజులకి నడిచాడు. ఆ తర్వాత ఒక సాయంత్రం ఏమైందో తెలీదు, ఉన్నచోటనే గాల్లోకి ఎగిరి, ఎగిరినవాడు గాల్లోనే పక్కకి తిరిగి పడ్డాడు. మళ్ళీ ఎగిరాడు. ఫిట్స్ అనుకుని అందరికీ టెన్షన్. అవ్వ నవ్వింది. "మంగలంలో పేలాలు ఎగిరినట్టు ఎగురుతుండాడు చూడు. ఒళ్ళు నెమ్మదించింది వాడికి."

* * *

అప్పట్నుంచి మూడింటికి మా ఇంట్లో ఒక పద్ధతి. అవ్వ చేట తట్టడం, వాళ్ళు ఈల వెయ్యడం, కాడలూ ముదురాకులూ గూట్లోకి పోవడం. ఎంత దూరం నుంచి విన్నా ఎవరి చప్పుడు ఏదో వాటికి తెలుసు. ఫ్రిజ్ తలుపు తీస్తే ఈల. ప్లాస్టిక్ కవరు గరగరమంటే ఈల. అమ్మ కొత్తిమీర కట్ట తియ్యాలంటే దొంగలా ఊపిరి బిగబట్టి తీసేది. నాయన చేతక్ స్కూటరుకి మాత్రం పలకవు. ఆయన ఏనాడూ ఏం తేలేదుగా. నా సంగతే అన్యాయం. సర్వేపల్లి కాలువ గట్టు మీదికి సైకిలేసుకుని పోయి, ముళ్ళు గుచ్చుకుంటూ గరిక కోసుకొచ్చేది నేను. నన్ను చూస్తే ఒక మోస్తరుగా కుయ్ అనేవి. అవ్వ చేటకి మాత్రం పూనకం.

లవుడు గరికపోచ తినడం నేను ఎన్ని గంటలు చూశానో చెప్పలేను. పోచ కొస పట్టుకుంటుంది. అంతే, ఇక చేతుల్తో పని లేదు. దవడ అటూ ఇటూ గబగబా ఆడుతుంటే, పోచ తిన్నగా, ఒకే వేగంతో లోపలికి పోతుంది, కుట్టుమిషన్లోకి గుడ్డ పోయినట్టు. చివర్లో వేరు దగ్గర మట్టి తగిలితే ఒక్క విదిలింపు విదిల్చి, ఇంకో పోచ. వాటి పళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయట, అరగదియ్యకపోతే నోరు మూతపడిపోతుంది. అందుకని ఆ నమలడం ఆగేది కాదు.

ఒకసారి అమ్మ, కుశుడు వంగి తన పెంటికని తానే నోటితో అందుకుని తినడం చూసింది. ఇక ఈ ఇంట్లో అవన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి అంది. లెక్చరర్ గారిని పిలుచుకొచ్చాను. "ఆవు నెమరేస్తే దణ్ణం పెడతావు కదమ్మా, ఇదీ అంతే. మొదటిసారి అరగంది రెండోసారి అరిగించుకుంటుంది" అన్నారు ఆయన. అమ్మ ఒప్పుకోలేదుగానీ, లెక్చరర్ గారి ముందు ఏమనలేక కాఫీ తేవడానికి లోపలికి పోయింది.

* * *

ఆ ఏడు చవితి పొద్దున అమ్మ పత్రి బుట్ట వసారాలో పెట్టి స్నానానికి పోయింది. గూటి గడియ నేనే సరిగ్గా వెయ్యలేదేమో. అమ్మ తిరిగొచ్చేసరికి లవుడు బుట్టలో కూర్చుని ఉంది. మారేడు ముట్టుకోలేదు, ఉమ్మెత్త జోలికి పోలేదు. గరిక మాత్రం ఒక్క పోచ మిగల్లేదు. వినాయకుడికి గరిక లేని పూజా? అమ్మ ఏడుపొక్కటే తక్కువ. అవ్వ తీరిగ్గా వచ్చి చూసి, "దేవుడి బండే గదా తినింది, ఎలక తింటే ఆయన తిన్నట్టే" అంది. ఇన్నాళ్ళూ ఎలకలని తిట్టిన నోటితోనే. నేను సైకిలేసుకుని కాలువ గట్టుకి పరిగెత్తాను.

పూజయ్యాక అవ్వ లవుణ్ణి ఎత్తి పొట్ట కింద చెయ్యిపెట్టి చూసింది. బాగా బరువుంది, బేరిపండులా అయింది. "కోడలా, మీ లవుడికి నెల తప్పినట్టుండాదే" అంది. నాయన పేపర్లోంచి తలెత్తి, గరిక ఎక్కువ తినిందిలే అన్నాడు.

మూడో రోజు తెల్లవారుజామున గడ్డి మార్చబోతే గూట్లో ఐదు ఉన్నాయి. ఎలకపిల్లల్లా కళ్ళు మూసుకుని, ఎర్రగా, బొచ్చు లేకుండా ఉంటాయనుకుంటాం కదా. ఇవి కాదు. ఒంటినిండా బొచ్చు, తెరిచిన కళ్ళు, నోట్లో పళ్ళు. తల్లి వెనకాల వరసగా పరిగెత్తుతున్నాయి, బొమ్మ రైలు పెట్టెల్లా. మర్నాటికల్లా ఒకటి గరిక కొసని కొరుకుతోంది. "పుట్టిన మర్నాడే మేసే పిల్లల్ని నేను ఏ జాతిలోనూ చూళ్ళేదురా" అని అవ్వ వీధిలో వాళ్ళందర్నీ పిలిచి చూపించింది. టికెట్టు పెట్టుంటే నాయన ఖర్చు వచ్చేసేది.

నేను లెక్చరర్ గారింటికి పరిగెత్తి, "సార్, మా లవుడు ఈనింది" అని అరిచాను. ఆయన నవ్వి నవ్వి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఎలుక మూడు వారాల్లో ఈనేస్తుంది కాబట్టి పిల్లలు అరకొరగా పుడతాయి, ఇది రెండు నెలల పైన మోస్తుంది, అందుకే దూడల్లా తయారై బయటికొస్తాయి అని చెప్పారు. తర్వాత ఉన్నట్టుండి అడిగారు, "మగదాన్ని వేరే గూట్లో పెట్టారా?"

లేదన్నాను.

"ఎప్పుడు ఈనింది?"

"రాత్రి."

"అయితే రెండు నెలల తర్వాత మళ్ళీ రా" అన్నారు. ఈనిన గంటల్లోనే మళ్ళీ కడుపొస్తుందట వాటికి. కార్తీక మాసంలో, తుఫాను పట్టి ఊరంతా కరెంటు లేని రాత్రి, లాంతరు వెలుగులో ఇంకో నాలుగు పుట్టాయి. లెక్క తొమ్మిదికొచ్చింది. ఈలోపల ఆయనే మా ఇంటికొచ్చి, మొదటి పిల్లల్ని ఒక్కొక్కదాన్నీ వెల్లకిలా పట్టుకుని మగో ఆడో చెప్పి, మగవాటిని మూడు వారాలకే విడదీయించారు. లేకపోతే మా కథ ఎక్కడ ఆగేదో.

పంచడం మొదలెట్టాం. రొట్టెల పండక్కి వచ్చిన బంధువులు దర్గా నుంచి నేరుగా మా పెరట్లోకే. స్వర్ణాల చెరువులో సంతానం రొట్టె, విద్య రొట్టె, ఉద్యోగం రొట్టె అని కోరిక కొద్దీ మార్చుకుంటారు కదా. "మీ లవుడికి సంతానం రొట్టె చూపించబాకండి" అని మా బాబాయి జోకు. కందుకూరు నుంచొచ్చిన మా పెద్దత్త రెండు ఆడపిల్లల్ని అట్టపెట్టెలో పెట్టుకుని బస్సెక్కింది. అప్పుడు కందుకూరు ప్రకాశం జిల్లా. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడ్డప్పుడు నెల్లూరు నుంచి అటు పోయింది, 2022లో జిల్లాలు మార్చినప్పుడు తిరిగి నెల్లూరుకే వచ్చింది, ఆ తర్వాత మళ్ళీ ప్రకాశంలోకే పోయింది. మా తాతలు ఇల్లు కదలకుండానే జిల్లా మారారని పెద్దత్త అనేది. మా లవుడి కూతుళ్ళకి మాత్రం బస్సు ప్రయాణం తప్పలేదు.

* * *

కుశుడి సంగతి త్వరగా చెప్పేస్తాను. మరుసటి ఏడు వేసవి, రోహిణి కార్తె. వాటికి చెమట పట్టదు, ఎండ తట్టుకోలేవు. మామూలుగా మధ్యాహ్నాలు గూటి మీద తడిపిన గోనెసంచి వేసి, గంటకోసారి నీళ్ళు చిలకరించేవాళ్ళం. ఆ రోజు కావలిలో పెళ్ళి. అందరం పోయాం. సాయంత్రం వచ్చేసరికి సంచి అప్పడంలా ఎండిపోయి ఉంది. లవుడు బండకి పొట్ట ఆనించి రొప్పుతోంది. వేరే గూట్లో ఉన్న కుశుడి మీదికి సూటిగా పడమటెండ. ఆ గూడు అక్కడ పెట్టింది నేనే.

ఇప్పుడు తిరిగి చూసుకుంటే మేం చేసినవాటిలో సగం తప్పులే. తెలిసి పెంచినవాళ్ళం కాదు, పెంచుతూ తెలుసుకున్నాం. ఆ తెలుసుకోవడానికి ఖర్చయింది అవే.

* * *

ఆ తర్వాత రెండు చలికాలాలకి అవ్వ పోయింది. నిద్రలోనే. ఇల్లంతా బంధువులు. ఏడుపులు సద్దుమణిగి, మధ్యాహ్నం అందరూ వసారాలో చాపల మీద కూలబడి ఉన్నప్పుడు పెరట్లోంచి ఈల మొదలైంది. గడియారం చూడక్కర్లేదు. మూడు. ఊరి నుంచొచ్చిన ఒకావిడ, పొయ్యి మీద ఏదో పెట్టినట్టుండారే అంది. ఎవరూ జవాబివ్వలేదు. నాయన లేచి బయటికి పోయాడు.

పెద్దకర్మ అయ్యేదాకా రోజూ అంతే. గరిక పడేసినా తింటూ తింటూ ఆగి మళ్ళీ ఈల. అది గరిక కోసం కాదు.

బంధువులందరూ పోయిన మర్నాడు, వాటిని ఏనాడూ చేత్తో ముట్టుకోని అమ్మ, తోటకూర కట్ట పట్టుకుని అవ్వ కూర్చునే చోటికి వచ్చింది. కాళ్ళు చాపుకుంది. నాలుగు కాడలు ఒలిచాక, చేటని బండకేసి రెండుసార్లు తట్టింది. చప్పుడు తేడాగా ఉంది, అవ్వది టపటప, అమ్మది టక్ టక్. లవుడు ఒక్క క్షణం బిగుసుకుపోయింది. తర్వాత జల్లెడకి కాళ్ళానించి నిలబడింది.

అప్పట్నుంచి అమ్మ చేతే. ముట్టుకోవడం మాత్రం లేదు, కాడని దూరం నుంచి అందించేది.

లవుడు నేను ఇంటర్ రెండో సంవత్సరంలో ఉండగా పోయింది. వాటి లెక్కలో నిండు ముసలిదే. జామచెట్టు మొదట్లో, కుశుడి పక్కనే గుంట తీసి పెట్టాం. తర్వాతి కాపులో ఆ చెట్టు ఎన్నడూ లేనంతగా కాసింది. కాయ కూడా తియ్యగా ఉందన్నాడు నాయన. అమ్మ ఆ ఏడు ఒక్క కాయ నోట్లో పెట్టలేదు. బుట్టకెత్తి వీధంతా పంచింది. కాయ బాగుందని అందరూ అన్నారు. ఎరువేంది అని పక్కింటి ఆమె గోడ మీంచి అడిగితే, ఏం లేదు, ఉత్త బూడిదే అంది అమ్మ.